పెద్దాయన్ని ఢీకొట్టాలంటే...

ఎదుటి పార్టీ నాయకుణ్ణి ఓడించడం ఒక ఎత్తు. సొంత పార్టీ పెద్దాయన్ని ఓడించడం మరో ఎత్తు. ఆ రెండోది ఎంత కష్టమో కరవుసీమ అనంతపురానికి తెలిసినంతగా మరే జిల్లాకీ తెలియదేమో!

1951. ఆంధ్ర కాంగ్రెస్ కమిటీ అధ్యక్ష పదవికి పోటీ. ఒకవైపు ఆచార్య ఎన్.జి.రంగా. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన పండితుడు, రైతు ఉద్యమానికి పెట్టింది పేరు, అప్పటికే అధ్యక్షుడిగా చేసినవారు. మరోవైపు ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. నలభై కూడా నిండలేదు. కాలేజీ చదువు మధ్యలో వదిలేసి స్వాతంత్య్రోద్యమంలోకి దూకిన మనిషి. హోరాహోరీగా సాగిన ఆ పోటీలో గెలిచింది ఆయనే!

అదెలా సాధ్యమైంది? 1938 నుంచి పదేళ్ళపాటు ఆయన ఆ కమిటీకే కార్యదర్శి. అధ్యక్షుడు వేదికమీద ఉంటాడు, కార్యదర్శి కార్యకర్తల మధ్య ఉంటాడు. ఓటు వేసేదేమో సభకొచ్చిన జనం కాదు, పార్టీ ప్రతినిధులు. ఏ తాలూకాలో ఎవరి మాట చెల్లుతుందో తెలిసినవాడిదే అక్కడ పైచేయి.

గెలుపు ఖరీదు తర్వాత తెలిసింది. రంగా బయటికెళ్ళి కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. టంగుటూరి ప్రకాశం కూడా కాంగ్రెస్‌ని వీడారు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 152. అనంతపురంలో సంజీవరెడ్డే ఓడిపోయారు... అదీ సొంత బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చేతిలో. చిత్రమేంటంటే, 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులను నిలువరించడానికి కాంగ్రెస్, రంగా పార్టీ ఒకే కూటమిగా నిలబడ్డాయి.

కాలం గిర్రున తిరిగింది. 1969 నాటికి సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా, అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా చేసిన పెద్దాయన. బెంగళూరు సమావేశాల సమయంలో పార్టీ ఆయన్ని రాష్ట్రపతి అభ్యర్థిగా ఎంపిక చేసింది. ఇందిరాగాంధీకి ఇష్టం లేదు. అయినా నామినేషన్ పత్రం మీద ఆమె సంతకం పడింది! రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ విప్ చెల్లదు. దాన్నే ఆమె ఆయుధం చేసుకున్నారు. ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిశాక వి.వి.గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650. ఆ ఏడాదే కాంగ్రెస్ రెండుగా చీలింది. 1971లో సొంతగడ్డ అనంతపురం లోక్‌సభ స్థానంలోనూ ఇందిర కాంగ్రెస్ అభ్యర్థి ఆంటోనిరెడ్డి చేతిలో ఆయనకు ఓటమి తప్పలేదు. 1977లో నంద్యాల నుంచి గెలిచి, స్పీకరై, చివరికి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. అది వేరే కథ.

అమెరికాలోనైతే ఇలాంటి తగవులు ప్రైమరీల్లో తేలతాయి. 2024లో మాజీ అధ్యక్షుడు ట్రంప్‌మీద నిక్కీ హేలీ పోటీచేశారు. ఓడినా, పార్టీ ఓటర్ల ముందుకెళ్ళి నాకు ఓటేయండని అడగగలిగారు. మన ప్రాంతీయ పార్టీల్లో ఆ అడగడానికే చోటులేదు. అందుకే హోటళ్ళూ, శిబిరాలూ!

1994లో 216 సీట్లతో తెలుగుదేశాన్ని గెలిపించిన ఎన్టీఆర్, హిందూపురం ఎమ్మెల్యే. తొమ్మిది నెలలు తిరగకుండానే, 1995 ఆగస్టులో ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది హైదరాబాద్‌లోని వైస్రాయ్ హోటల్‌కి చేరిపోయారు. పార్టీ పెట్టిన మనిషిని కార్యకర్తల ఓటుతో కాదు, ఎమ్మెల్యేల తలల లెక్కతో దించారు. సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు. ఫిరాయింపుల చట్టంలో అప్పట్లో మూడోవంతు సభ్యులు చీలితే చెల్లేది. 2003లో 91వ రాజ్యాంగ సవరణతో ఆ వెసులుబాటూ పోయింది. ఇక మూడింట రెండొంతుల మంది కలిసి మరో పార్టీలో విలీనమవ్వాల్సిందే. అంటే, ఎదురు తిరగాలనుకునేవాడికి దారి మరింత ఇరుకైనట్టే.

ఎన్టీఆర్ మరణంతో ఖాళీ అయిన హిందూపురంలో 1996లో ఆయన కొడుకు హరికృష్ణ గెలిచారు. ఆ తర్వాత చంద్రబాబుతో విభేదించి 1999లో అన్న తెలుగుదేశం పెట్టారు. తండ్రి పేరుంది, తండ్రి రథాన్ని నడిపిన అనుభవముంది. ఆ ఏడాది ఎన్నికల్లో ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు.