కట్టించినాడంటారు

కర్నూలు, మంగళవారం

చెల్లాయ్,

నీ డచ్ పాఠాల కాగితం సంచిలో పెట్టుకునే బయల్దేరాను. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని వీధిలో నడుస్తుంటే నువ్వడిగిన కర్మణి వాక్యాలు బోర్డుల మీదే కనిపించాయి. "ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును." దాని కింద కూర్చున్నాయన మాత్రం "ఇస్తాం రండి" అన్నాడు. 'బడు' మన రాతలో ఉంది, నోట్లో లేదు.

కొండారెడ్డి బురుజు నీడలో ఒక పెద్దాయన్ని అడిగాను, దీన్ని ఎవరు కట్టారని. "అచ్యుతరాయలు కట్టించినాడంటారు, నాయనా" అన్నాడు. అంటున్నదెవరు? ఎవరూ కాదు, ఊరంతా. మనం బహువచనంతో సరిపెట్టే ఈ చోటే డచ్‌వాళ్లు 'ఎర్ వోర్ట్ ఖెజెఖ్ట్' అంటారు. వాళ్లకది పుస్తక భాష కాదు, రోజూ మాట్లాడే మాట. అందుకే 'వోర్ట్' కనబడగానే 'బడెను' అని బరువెక్కించకు. అంటారు, అమ్ముతారు, కడతారు అని విను. చేసినవాణ్ని చెప్పాల్సి వస్తే 'దోర్' ఉంది, మన 'చేత' లాగా.

కడప, గురువారం

చెల్లాయ్,

బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని రాస్తున్నాను. 1820లో కడపకు వచ్చిన ఆ దొర ఇక్కడి తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. పరాయి భాష మీద అంత ప్రేమ పెట్టుకున్న మనిషిని తలచుకుంటే నీ కష్టం చిన్నదనిపిస్తుంది.

ఇక డచ్ పదాల వరుస సంగతి. 'మోర్ఖెన్ ఖా ఇక్ నార్ కడప': రేపు, వెళ్తా, నేను, కడపకి. ముందు ఏది వచ్చినా క్రియ రెండో చోటు వదలదు. 'ఓమ్‌దట్' (ఎందుకంటే) చేరిందా, 'ఇక్ మోర్ఖెన్ నార్ కడప ఖా' అవుతుంది: నేను రేపు కడపకి వెళ్తా. అచ్చంగా మన వరుస! కర్మణిలో 'వోర్ట్' రెండో చోట ఆగి, అసలు పని చెప్పే మాట చివరికి పోతుంది: 'దె బ్రీఫ్ వోర్ట్ మోర్ఖెన్ ఖెస్ఖ్రేవెన్', ఉత్తరం రేపు రాస్తారు.

మధ్యాహ్నం ఎర్రగుంట్ల మీదుగా కలమళ్ల వెళ్లొచ్చాను. సుమారు 575 నాటి రేనాటి చోళుల శాసనం దొరికిన ఊరు. ధనంజయుడు రేనాడును ఏలుతుండగా అని చెప్పే ఆ మాటల్లోనూ 'ఏళన్' అన్న క్రియ రాజు, రాజ్యం తర్వాతే వచ్చింది. ఆ శాసనం దొరికిన గుళ్లో నిలబడితే ఒళ్లు పులకరించింది.

ఆదివారం ఇంటికొస్తాను. ఈలోగా ఓమ్‌దట్‌తో పది వాక్యాలు రాసిపెట్టు. జొన్నలు తెస్తున్నానని అమ్మకు చెప్పు.

అన్నయ్య