చార్మినార్ నీడలో జపాన్ పాట

పాతబస్తీలో పాడాలంటే గొంతొక్కటే చాలదు మిత్రులారా, పాట ఎంచుకోవడం తెలియాలి! పత్తర్‌గట్టీలో షట్టర్లు దిగాక సెల్‌ఫోన్‌లో కరోకే ట్రాకు పెట్టుకుని రఫీ పాట అందుకునే కుర్రాళ్లకి ఇక్కడ కొదవలేదు. ఒక్క సంగతి జారిందో, ఎదురుగా ఉన్న చాచాలు ఊరుకోరు. వాళ్లు ఆ పాటలతోనే పెరిగారు మరి.

అన్నట్టు, కరోకే జపాన్ మాట. ‘కారా’ అంటే ఖాళీ, ‘ఓకే’ ఆర్కెస్ట్రాకి పొట్టిపేరు. 1971లో కోబేలో డైసుకే ఇనోవే అనే వాద్యకారుడు ఇలాంటి పెట్టె తయారుచేశాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు, పాపం!

మరి ఆ దేశం పాటే పాడితే? ‘లవ్ ఇన్ టోక్యో’ (1966)లో లతా పాడిన సయొనారా పాట సులువు దారే కానీ, అది హిందీ పాట. అసలు సరుకు కావాలంటే క్యూ సకామోటో 1961లో పాడినది పట్టండి. 1963లో ‘సుకియాకి’ పేరుతో అమెరికాలో నంబర్ వన్ అయిందది. మధ్యలో ఈల కూడా ఉంది, అక్కడ మాటలతో పనిలేదు!

‘ఎంకా’ సంగతి వేరు. విరహం, రేవు, వాన, కన్నీళ్లు. అక్షరం మీద గొంతు తిప్పడాన్ని ‘కొబుషి’ అంటారు. గజల్ పాడే గొంతుకి అదేమంత పరాయిది కాదు. మిసోరా హిబారి 1989 నాటి పాట ఎంచుకుంటే మాత్రం శ్రుతి కాస్త దించుకోండి, పల్లవి పైకెక్కుతుంది. భాష రాకపోయినా శ్రుతి తప్పితే మదీనా సెంటర్ దాకా తెలిసిపోతుంది!

మాటలు తెలుగులో రాసుకోండి. మనలాగే వాళ్లవీ ఎక్కువగా అజంతాలే. ‘భలే తమ్ముడు’ (1969), ‘ఆరాధన’ (1976)లలో ఎన్టీఆర్‌కి పాడిన రఫీ మాత్రం తెలుగువాడా ఏం?