లల్వర్తు రాతిమడతలు

ఇంగ్లండు దక్షిణతీరమున, డార్సెట్టు సీమలోని లల్వర్తు చెంత స్టెయిర్ హోల్ అను చిన్న కడలికోత గలదు. దాని యొడ్డున నిలిచి చూచితిమి. ఎదుటి గుట్టకోతలో సున్నపురాతి పొరలు, నేలపై బఱచిన జంపఖానాను ఒకప్రక్కనుండి నెట్టినట్లు ముడుతలు పడియున్నవి. తొలిచూపునకు అంతయు గజిబిజియే. సోదరీమణులారా, లేతవన్నెగల గట్టిపొర నొకదానిని గుర్తుపెట్టుకొని, దానివెంటనే చూపు నడపవలెను. అది విల్లువలె పైకి వంగినచోటు అపనతి. దొన్నెవలె క్రుంగినచోటు అభినతి. అంతట చిక్కు దానంతట విడిపోవును.

సుమారు 14 కోట్ల యేండ్లక్రిందట లోతులేని మడుగులలో సమముగా పేరిన పొరలివి. ఆల్ప్సు పర్వతములను లేపిన యొత్తిడియే పిమ్మట వీనిని వంచినది. నడుమనున్న మెత్తని మట్టిపొరలు జాఱుటచే గట్టిరాయి పెక్కుచోట్ల తునుకలు గాక వంగినది. చేరువకుబోయి తాకవలెనని మాకును తోచెను. కాని పెళ్లలు విఱిగిపడు గుట్ట యది, బాటమీదినుండి చూచుటయే మేలు. సముద్రపు వారనున్న పోర్ట్‌లాండురాతి కమానులగుండ అలలు లోనికి దూకి, ఆ మడతల పాదమును నానాటికి తినివేయుచున్నవి.