పాతబస్తీ నుంచి రెండు పట్టాలు

ఎప్‌సెట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి పాతబస్తీలో ఒకే ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది. షాలిబండలోనైనా, యాకుత్‌పురాలోనైనా, చాంద్రాయణగుట్టలోనైనా ఇషా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగే పెద్దలు పరస్పరం అడుగుతుంటారు: "మీ అమ్మాయికి ఉస్మానియానా, జేఎన్‌టీయూనా?" ఎన్నో ఇళ్లలో ఇంజనీరింగ్ చదువుకు వెళ్లే తొలి బిడ్డ ఆ అమ్మాయే, లేదా ఆ అబ్బాయే. ఇంట్లో దారి చెప్పగల అనుభవజ్ఞులు లేనప్పుడు పొరుగువారి మాటే ప్రమాణమవుతుంది. ఒకరు ఉస్మానియా పేరు గొప్పదంటారు. ఇంకొకరు ఉద్యోగాలు జేఎన్‌టీయూ వైపే ఉన్నాయంటారు. వారిలో ఆ రెండు ప్రాంగణాలనూ స్వయంగా చూసినవారు కొద్దిమందే. అందుకే పాతబస్తీ నుంచి ఆ రెండింటికీ వెళ్లే దారులను, ఆ దారుల వెంట తెలుసుకోవలసిన విషయాలను పాఠకుల ముందుంచుతున్నాము.

ముందుగా నయాపూల్ మీద ఒక్క క్షణం ఆగుదాం. 1908 సెప్టెంబరు 28న ఈ వంతెన కింది మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఆయన సలహా మేరకు ఎగువన జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అదే కాలంలో హైదరాబాదు బిడ్డ నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంగ్లాండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివి వచ్చి, మంజీరా మీద నిజాం సాగర్ నిర్మాణానికి సారథ్యం వహించారు. ఆయన జన్మదినమైన జూలై 11న తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటారు. కాబట్టి ఈ విద్య మన బస్తీకి కొత్తదేమీ కాదు. దాని విలువను ఈ నగరం నీటి దెబ్బ తిని మరీ తెలుసుకుంది.

మొదటి దారి ఫలక్‌నుమా స్టేషన్ నుంచి మొదలవుతుంది. అక్కడ ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే ఉప్పుగూడ, యాకుత్‌పురా, దబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్ దాటుకుని జామే ఉస్మానియా స్టేషన్ వస్తుంది. ఆ తరువాతిది ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్. బండి మారవలసిన పని లేదు. పాతబస్తీ గుండెలోంచి బయలుదేరిన రైలు నేరుగా విశ్వవిద్యాలయం అంచుకు చేరుస్తుంది. అయితే ఈ రైళ్లు వెంటవెంటనే ఉండవు. వేళలు తెలుసుకుని బయలుదేరాలి.

ఈ విశ్వవిద్యాలయానికి 1917లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీ చేశారు. తొలి తరగతులు గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాల్లో జరిగాయి. నేడు అందరూ గుర్తుపట్టే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఒక భారతీయ భాషను ఉన్నత విద్యకు బోధనా మాధ్యమం చేసిన తొలి విశ్వవిద్యాలయం ఇదే. ఆ భాష ఉర్దూ. ఇందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు, లేని పారిభాషిక పదాలను సృష్టించారు. 1929లో ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది. 1948 తరువాత బోధన ఆంగ్లంలోకి మారింది. ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివి వచ్చిన మన పిల్లలకు మొదటి సంవత్సరంలో ఎదురయ్యే గట్టి పరీక్ష గణితం కాదు, ఆంగ్లమే. ఏ విశ్వవిద్యాలయంలో చేరినా ఇది తప్పదు. ప్రవేశానికి ముందున్న వేసవి నెలలను ఆంగ్ల పఠనానికి కేటాయించిన విద్యార్థికి సగం భయం తీరిపోతుంది.

రెండవ దారి మెట్రోది. పాతబస్తీకి మెట్రో ఇంకా రాలేదు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు వేయదలచిన 7.5 కిలోమీటర్ల మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఈలోగా చార్మినార్ నుంచి బస్సులోనో ఆటోలోనో మూసీ దాటి ఎంజీబీఎస్ చేరుకోవాలి. అక్కడ మియాపూర్ వైపు వెళ్లే రైలు ఎక్కితే నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్, అమీర్‌పేట, మూసాపేట, కూకట్‌పల్లి మీదుగా జేఎన్‌టీయూ కాలేజ్ స్టేషన్ వస్తుంది. దూరం ఎక్కువే గాని రైళ్లు తరచుగా ఉంటాయి.

ఈ సంస్థ చరిత్ర వేరు. 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైంది. 1972లో అనంతపురం, కాకినాడ, హైదరాబాదు కళాశాలలను కలిపి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేశారు. మాసబ్ ట్యాంక్‌లో ఉండిన హైదరాబాదు కళాశాల 1980లలో కూకట్‌పల్లికి మారింది. 2008లో విశ్వవిద్యాలయాన్ని విభజించినప్పుడు హైదరాబాదుది వేరు విశ్వవిద్యాలయమైంది. ఉస్మానియాలో సాహిత్యం, చట్టం, విజ్ఞానం, ఇంజనీరింగ్ ఒకే నీడన పెరిగాయి. జేఎన్‌టీయూ సాంకేతిక విద్య కోసమే పుట్టింది. రెండింటి స్వభావంలో ఉన్న ప్రధాన భేదం ఇదే.

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు ఒక పొరపాటు పడుతుంటారు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని సొంత కళాశాల వేరు, దానికి అనుబంధంగా ఉన్న కళాశాల వేరు. "మా వాడికి ఉస్మానియా వచ్చింది" అన్న మాటకు అర్థం ప్రాంగణంలో సీటు వచ్చిందని కావచ్చు, అనుబంధ కళాశాలలో వచ్చిందని కూడా కావచ్చు. ఉదాహరణకు 1980లో ఏర్పడిన బంజారా హిల్స్‌లోని ముఫఖంజా కళాశాల, 1984లో దారుస్సలాంలో మొదలైన దక్కన్ కళాశాల ఉస్మానియాకు అనుబంధమైనవి. మన సముదాయం స్థాపించుకున్న ఈ సంస్థల్లో వేలమంది చదువుకున్నారు. స్వయంప్రతిపత్తి పొందిన కళాశాల తన పాఠ్యప్రణాళికను తానే రూపొందించుకుంటుంది, పరీక్షలు తానే నిర్వహిస్తుంది. పట్టా మీద మాత్రం విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. అంటే ఒకే పేరున్న రెండు పట్టాల వెనుక రెండు వేర్వేరు చదువులు ఉండవచ్చు. కనుక "ఏ విశ్వవిద్యాలయం?" అని అడిగి ఊరుకోకుండా "ఏ కళాశాల? ఏ శాఖ?" అని కూడా అడగాలి.

కౌన్సెలింగ్ విధానం కూడా ఈ సంగతినే చెబుతుంది. వెబ్ ఆప్షన్లలో మనం ఎంచుకునేది కళాశాలనూ, శాఖనూ. మనం పెట్టిన వరుసలో, మన ర్యాంకుకు అందే మొదటి సీటు మనకు కేటాయిస్తారు. "ఇది ఎలాగూ రాదులే" అని కోరుకున్న కళాశాలను కిందికి తోయడం వల్ల లాభమేమీ లేదు, నష్టమే ఉంది. కోరిక బలాన్ని బట్టి వరుస పెట్టాలి. వెళ్లడం ఇష్టం లేని చోటును జాబితాలో చేర్చనే కూడదు. ఆ జాబితాను ఇంటర్నెట్ సెంటర్ యజమానికి అప్పగించకుండా, ఇంటిల్లిపాదీ కూర్చుని ముందుగా కాగితం మీద రాసుకోవడం మేలు.

తరువాతది డబ్బు మాట. పట్టణాల్లో వార్షికాదాయం 2 లక్షల రూపాయలు, గ్రామాల్లో లక్షన్నర మించని మైనారిటీ, బీసీ కుటుంబాల పిల్లలకు బోధనా రుసుము తిరిగి చెల్లించే పథకం ఉంది. సాధారణంగా 10,000 లోపు ర్యాంకు వస్తే రుసుము మొత్తం, ఆ పైన 35,000 రూపాయల వరకు లభిస్తుంది. ఆ ఏటి ఉత్తర్వులను సరిచూసుకోవాలి. నిధుల విడుదల ఆలస్యమైతే కళాశాల ముందుగా కట్టమనే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం, అర్హులైతే బీసీ-ఇ ధ్రువపత్రం మీసేవలో ముందే తీసుకోవాలి. ప్రాంగణ కళాశాలల్లోనూ కొన్ని సీట్లు సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో ఉంటాయి. పేరు చూసి చేరి, రుసుము చూసి వడ్డీ అప్పు వైపు చేయి చాచే పరిస్థితి రాకూడదు. బిడ్డ చదువు కోసమే అయినా వడ్డీ వడ్డీయే. రుణం లేకుండా పూర్తి చేయగల చదువు, కొంచెం తక్కువ పేరున్న చోట దొరికినా, ఆ ఇంటికి గొప్ప వరమే.

గల్ఫ్‌కో, పశ్చిమ దేశాలకో వెళ్లాలనుకునేవారు మరొకటి గమనించాలి. న్యాక్ గుర్తింపు సంస్థ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క శాఖకు ఇచ్చేది. వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. అయితే ఆ ఒప్పందం కింద ఇతర సభ్య దేశాలు గుర్తించేది ఎన్‌బీఏ మొదటి శ్రేణి గుర్తింపు ఉన్న కోర్సులనే. మీరు కోరిన శాఖకు ఆ గుర్తింపు ఉందా, ఎప్పటి వరకు ఉంది అని అడగడానికి మొహమాటం అక్కరలేదు.

ఇక అన్నిటికంటే బరువైనది దూరం. మన ఇళ్లలో ఎందరో అమ్మాయిల సీటు తేలేది ర్యాంకు దగ్గర కాదు, దూరం దగ్గర. దీనిని తేలికగా కొట్టిపారేయలేము. రాకపోకలకు రోజుకు మూడు గంటలు పడితే, ఏడాదికి 200 తరగతి దినాల చొప్పున నాలుగేళ్లలో 2,400 గంటలవుతాయి. అంటే అహోరాత్రాలు కలుపుకుని నూరు రోజులు. అది నిజమైన ఖర్చే. అయితే లెక్కలోని రెండవ వైపు కూడా చూడాలి. ఆ నూరు రోజులు మిగిల్చుకోవడానికి, తాను కష్టపడి సాధించుకున్న మెరుగైన శాఖను ఆ అమ్మాయి వదులుకోవలసి వస్తే, ఆ నష్టం నాలుగేళ్లతో తీరదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. మెట్రోలో మహిళలకు ప్రత్యేక స్థలం ఉంది. హాస్టల్ సౌకర్యం గురించి విచారించవచ్చు. "దూరం" అనే ఒక్క మాటతో తలుపు మూసేయకుండా, ఆ దూరాన్ని ఒకసారి కొలిచి చూడటం తల్లిదండ్రుల బాధ్యత.

కొలవడం కష్టమేమీ కాదు. కౌన్సెలింగ్‌కు ముందు ఏదో ఒక పనిదినాన తల్లిగాని తండ్రిగాని బిడ్డను వెంటబెట్టుకుని, తరగతికి వెళ్లే వేళకే బయలుదేరాలి. ఒకనాడు ఫలక్‌నుమా నుంచి, మరొకనాడు ఎంజీబీఎస్ నుంచి. రైలు దిగిన తరువాత ఎంత నడవాలి, సాయంత్రం దారి ఎలా ఉంటుంది, ప్రయోగశాలలు తెరిచి ఉన్నాయా తాళాలు వేసి ఉన్నాయా, జుహ్ర్ నమాజుకు చోటు దొరుకుతుందా అన్నవి చూసుకోవాలి. గేటు దగ్గర కనిపించే సీనియర్ విద్యార్థులను అడిగితే కరపత్రాల్లో లేని సంగతులు తెలుస్తాయి.

ఆ తరువాత మష్వరా. సంప్రదింపు ఇస్లాం మనకు నేర్పిన జీవన విధానం. అందులో మామయ్యలకు, చిన్నాన్నలకు చోటున్నట్టే చదవబోయే బిడ్డకూ చోటుండాలి. నాలుగేళ్లు ఆ బెంచీ మీద కూర్చునేది ఆ బిడ్డే కదా. ఇస్తిఖారా నమాజు ఎలాగూ చేస్తాము. అయితే ఇస్తిఖారా విచారణకు బదులు కాదు. చూడవలసినవి చూసి, అడగవలసినవారిని అడిగి, రెండు రకాతులు చదివి మేలైన దానినే ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకోవడం దాసుని పని. ఉస్మానియా దక్కినా, జేఎన్‌టీయూ దక్కినా, ఆ తరువాత "అదే బాగుండేదేమో" అన్న మాట ఇంట్లో వినిపించకూడదు. నిర్ణయం ముగిసింది. ఇక బిడ్డకు కావలసింది పొద్దున్నే టిఫిను డబ్బా, ఇంటివారి దువా.