కొత్త గొట్టం, పాత మూత

బండి వేడెక్కడమంటే మనిషికి జ్వరం రావడం లాంటిది. జ్వరమే రోగం కాదు. లోపలెక్కడో రోగం ఉందని చెప్పే గుర్తు. మందు వేస్తే జ్వరం తగ్గిందా, సరే. వేసిన మందులన్నీ వేశాక కూడా తగ్గకపోతేనే ఇంట్లో అసలు రభస మొదలవుతుంది. డాక్టరు చేతకానివాడని ఒకరు, మందు నకిలీదని ఒకరు, చెప్పిన పథ్యం చెయ్యలేదని ఇంకొకరు. బండి విషయంలోనూ ఇదే వరస. రేడియేటరు మార్చి, పంపు మార్చి, బిల్లు కట్టి, మళ్ళీ గేజీ ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్ళిందంటే ఇంజను కంటే ముందు మనుషులు ఉడికిపోతారు. 2018లో మా ఇంట్లో జరిగింది అదే. మన పాఠకుల్లో చాలామందికి బండ్లున్నాయి, నమ్ముకున్న మెకానిక్కులూ ఉన్నారు గనుక ఆ సంగతి చెబితే పనికొస్తుందనిపించింది.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. ఈ ప్రాంతపు తెలుగువాళ్ళకు యంత్రాలతో చుట్టరికం పాతది. కలంగల్ గ్రామంలో పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సు కొని, పొల్లాచ్చికీ పళనికీ మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సే తరవాత పెద్ద రవాణా సంస్థ అయింది. అందుకేనేమో, ఇక్కడ ప్రతి కుటుంబానికీ డాక్టరు ఉన్నా లేకపోయినా ఒక మెకానిక్కు మాత్రం తప్పకుండా ఉంటాడు.

మా మెకానిక్కుది కూడా తెలుగు కుటుంబమే. వాళ్ళ తాతగారు మా మామగారి మోటారు పంపులు బాగుచేసేవారు. మూడు తరాల రాకపోకలు. మావారిని "అన్నా" అంటాడు, నన్ను "వదినా" అంటాడు. మా అమ్మాయి పెళ్ళిలో వంటల దగ్గర నిలబడింది అతనే.

ఇక బండి. 2004లో కొన్న మారుతి 800. అది మాకు షోకు కోసం కాదు. మా అక్కావాళ్ళు వాల్పారైలో ఉండేవారు. బావగారు తేయాకు తోట ఆఫీసులో పనిచేసి, రిటైరైనా కొండ దిగలేదు. అక్కకు మూత్రపిండాల జబ్బు. నెలకోసారి కోయంబత్తూరులో చూపించుకోవాలి. బస్సు కుదుపులు ఆమెకు పడవు. మావారే వెళ్ళి తీసుకొచ్చి, పరీక్షలయ్యాక మళ్ళీ దింపి వచ్చేవారు. పొల్లాచ్చి మీదుగా ఆళియారు దాటాక కొండదారిలో 40 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతి మలుపుకూ అంకె రాసిన బోర్డు. పైన వాల్పారై సుమారు 3,500 అడుగుల ఎత్తు. దారంతా ఆనమలై అడవి. ఏనుగులు తిరిగే చోటు. చాలాచోట్ల ఫోను పలకదు. అటువంటి దారిలో, నీరసపడిన మనిషి వెనక సీటులో పడుకుని ఉండగా బండి ఆగిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ ఏడాది మొదట్లో రేడియేటరు కారడం మొదలైంది. మా మెకానిక్కు కొత్త రేడియేటరు వేశాడు. పనిలో పనిగా నీళ్ళ పంపు, థర్మోస్టాట్, పైగొట్టం, కిందిగొట్టం కూడా మార్చాడు. ఊళ్ళో పదిరోజులు తిరిగినా ముల్లు సగం దాటలేదు. అక్కను దింపడానికి వెళ్ళినప్పుడు మాత్రం 9వ మలుపు, లోమ్స్ వ్యూ పాయింట్ దాటీ దాటకముందే ముల్లు పైకి లేచింది. గంటసేపు చెట్టుకింద ఆపి, ఆగుతూ ఆగుతూ చేరారు. తిరిగి దిగేటప్పుడు ఏమీ లేదు. మెకానిక్కు ఫ్యాను మోటారు, దాని స్విచ్చి మార్చాడు. మరుసటి నెలా అదే కథ. ఈసారి 7వ మలుపు.

మా చిన్నమామగారికి కోపం వచ్చింది. "కొత్తవని చెప్పి పాత సామాను బిగించాడు. ఊరికే డబ్బు గుంజుతున్నాడు. ఇక వాడి గడప తొక్కొద్దు" అన్నారు. ఆ మాట ఎలాగో అతని చెవిన పడింది. అతను రావడం మానేశాడు. వాళ్ళమ్మగారు గుడిలో కనబడితే తల తిప్పుకున్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది. ఒకపక్క అక్క తరవాతి పరీక్షకు మూడు వారాలే గడువు.

నేను ముప్ఫై ఏళ్ళు బళ్ళో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. నాకు బండి విప్పడం రాదు, కానీ ప్రశ్న అడగడం వచ్చు. మావారితో ఒకటే అన్నాను: "దొంగతనం జరిగిందో లేదో తరవాత తేలుద్దాం. ముందు ఇది ఎప్పుడు వేడెక్కుతోందో, ఎప్పుడు వేడెక్కడం లేదో కాగితం మీద రాయండి." ఆదివారం పొద్దున మావారే వెళ్ళి మెకానిక్కును పిలుచుకొచ్చారు. కాఫీ తాగి ముగ్గురం కూర్చున్నాం.

కాగితం మీద ఇలా తేలింది. ట్రాఫిక్కులో నిలబడి ఉన్నా వేడెక్కదు. అంటే ఫ్యాను తిరుగుతోంది, సరైన వైపే గాలి లాగుతోంది. ఫ్యాను చెడితే బండి నిలబడినప్పుడు వేడెక్కాలి, రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు తగ్గాలి. స్టార్టు చేసిన పది నిమిషాలకే వేడెక్కడమూ లేదు. అలా జరిగితే థర్మోస్టాట్ మూసుకుపోయిందనో, నీళ్ళు పోసేటప్పుడు లోపల గాలి చిక్కుకుందనో అనుమానించాలి. రెండో గేరులో, ఇంజను గట్టిగా తిరుగుతూ, ఎత్తు ఎక్కేటప్పుడే వేడెక్కుతోంది. ఇంజను ఎక్కువ వేడి పుట్టించే వేళకు నీళ్ళు తగినంత తిరగడం లేదన్నమాట. లేకపోతే ఇంజను మంటగదిలోని వాయువు నీళ్ళలోకి దూరుతూ ఉండాలి.

రెండోది పెద్దరోగం. హెడ్ గాస్కెట్ పోయిందంటే ఖర్చు వేలల్లోకి వెళుతుంది. అందుకని ముందు దాన్నే చూశాం. రాత్రంతా చల్లారిన ఇంజను మీద రేడియేటరు మూత తీసి, నీళ్ళు అంచుదాకా నింపి స్టార్టు చేశాడు. గాస్కెట్ పోతే బుడగలు ఆగకుండా వస్తాయి. మొదట రెండు మూడు వచ్చి ఆగిపోయాయి. మూత పెట్టాక పైగొట్టం నిమిషంలోనే రాయిలా గట్టిపడలేదు. ఇంజనాయిలు పాలు కలిపిన కాఫీరంగులో లేదు. పొగ తెల్లగా లేదు. మా అందరికీ సగం ప్రాణం లేచొచ్చింది.

తరవాత థర్మోస్టాట్. విప్పి నా చేతికిచ్చాడు. దాని మీద 82 అని అచ్చు ఉంది. వంటింట్లో గిన్నెలో నీళ్ళు పెట్టి, దారంతో దాన్ని వేలాడదీసి, నా పాత ప్రయోగశాల థర్మామీటరు ముంచాను. 82 దాటేసరికి మెల్లగా నోరు తెరిచింది, నీళ్ళు మరిగే వేళకు పూర్తిగా విచ్చుకుంది. స్ప్రింగు ఉన్న వైపు ఇంజను లోపలికి ఉండేలానే బిగించాడని కూడా చూసుకున్నాం. తిరగేసి బిగిస్తే కొత్త థర్మోస్టాట్ కూడా పనిచెయ్యదు.

గాలి సంగతి కూడా తేల్చుకున్నాం. బండి ముందుచక్రాలు ఎత్తుమీద నిలిపి, మూత తీసి, ఇంజను నెమ్మదిగా నడిపి, థర్మోస్టాట్ తెరుచుకుని నీటిమట్టం దిగినప్పుడల్లా నింపాడు. హీటరు ఉన్న బండయితే దాన్ని పూర్తిగా తెరిచి ఉంచాలట. బుడగలు రావడం ఆగాక మూత పెట్టాడు.

అప్పుడు నా కళ్ళు ఆ మూత మీద పడ్డాయి. రేడియేటరు మిలమిల మెరుస్తోంది, మూత మాత్రం మాసిపోయి ఉంది. "ఇది పాతదే వదినా, బాగానే ఉందని పెట్టేశాను" అన్నాడు. మూత మీద 0.9 అని ఉంది. అది కేవలం నీళ్ళు ఒలక్కుండా పెట్టేది కాదు. లోపల అంత ఒత్తిడి నిలిపితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాక 118 దాకా మరగకుండా ఉంటాయి. మన వంటింటి కుక్కరు సూత్రమే. కొండమీద ఇది మరీ ముఖ్యం. వాల్పారై ఎత్తులో మూత లేని గిన్నెలో నీళ్ళు 96, 97 డిగ్రీలకే మరుగుతాయి. మెకానిక్కు స్నేహితుడి షెడ్డులో చేతిపంపుతో పరీక్షిస్తే ఆ మూత 0.3 దగ్గరే ఒత్తిడిని వదిలేసింది.

మూత దొరికింది కదా, పని అయిపోయిందని మావారు లేవబోయారు. నేను కూర్చోమన్నాను. ఒకేసారి నాలుగు మార్చడం వల్లనే ఇన్నాళ్ళూ తెలియలేదు. ఒకటి మార్చి, పరీక్షించి, తరవాత ఇంకొకటి. కొత్త మూత పెట్టి, ఇంజను బాగా వేడెక్కాక, మావారు యాక్సిలరేటరు తొక్కి గట్టిగా తిప్పారు. మెకానిక్కు టార్చి వేసి కింద చూశాడు. ఒక్కసారిగా "అన్నా, ఆపకండి, తొక్కండి!" అని కేక వేశాడు.

కిందిగొట్టం నడుమ లోపలికి నొక్కుకుపోతోంది. పిల్లలు కొబ్బరిబోండాంలో స్ట్రా గట్టిగా పీలిస్తే రెండు పక్కలూ అతుక్కున్నట్టు. కాలు తీయగానే మళ్ళీ గుండ్రంగా అవుతోంది. పంపు నీళ్ళను పీల్చుకునేది ఆ గొట్టంలో నుంచే. ఇంజను ఎంత వేగంగా తిరిగితే పీలుపు అంత ఎక్కువ. పాత గొట్టం ఇంకా షెడ్డు మూల పడి ఉంది, తెచ్చి పక్కన పెట్టాడు. పాతదాని గోడలో నూలు అల్లిక ఉంది. కొన్ని బండ్లలో గొట్టం లోపల తీగచుట్ట కూడా ఉంటుందట. కొత్తదానిలో అల్లిక లేదు, వట్టి మెత్తటి రబ్బరు. వేడికి ఇంకా మెత్తబడింది. మూత బాగుంటే లోపలి ఒత్తిడి ఆ గొట్టాన్ని కొంతైనా ఉబ్బించి నిలబెట్టేది. మూత ఒత్తిడి వదిలేసింది, గొట్టం చప్పబడింది. రెండూ కలిసి కొండ దగ్గర చేతులెత్తేశాయి. ఊళ్ళో మెల్లగా తిరిగినన్నాళ్ళూ ఎవరికీ కనబడలేదు.

మెకానిక్కు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు: "కొత్తది కదా అని దాన్ని అనుమానించలేదన్నా. పాతవాటినే చూస్తూ వచ్చాను." షాపువాడు ఇచ్చినది తెచ్చి బిగించాడు. మోసం లేదు, మాయ లేదు. అల్లిక ఉన్న అసలు గొట్టం తెచ్చి వేశాడు. దాని ఖరీదు మేం అంతకుముందు పెట్టిన ఖర్చులో ఇరవయ్యో వంతు కూడా కాదు. మావారు కూలి ఇవ్వబోతే తీసుకోలేదు.

అక్కను ఎక్కించుకునే ముందు బండిని ఖాళీగా కొండ ఎక్కించి చూడాలని అనుకున్నాం. ఆ ప్రయాణానికి చిన్నమామగారు తానే వస్తానన్నారు. మెకానిక్కు ముందు సీటు, ఆయన వెనక సీటు. 9వ మలుపు, 20, 30, చివరికి 40. ముల్లు సగం దగ్గరే మేకు కొట్టినట్టు నిలబడింది. క్షమించమని ఆయన అడగలేదు. మన పెద్దలకు అది అలవాటు లేదు గదా. వాల్పారైలో టీ తాగి గ్లాసు కింద పెడుతూ, "మా ఇంటి మోటారు కూడా శబ్దం చేస్తోంది, రేపొచ్చి చూడు నాయనా" అన్నారట. అతను మరునాడే వెళ్ళాడు. ఆ తరవాత మూడేళ్ళు, 2021లో అక్క పోయేదాకా, ఆ బండి ఒక్కనెల కూడా ఆమెను దారిలో నిలబెట్టలేదు.

పాఠకులకు నాలుగు మాటలు. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎప్పుడూ తియ్యకండి. ఒత్తిడి వదలగానే నీళ్ళు ఎగిసి ముఖం కాలుతుంది. ముల్లు లేస్తే పక్కకు ఆపి, ఇంజను ఆపి, గొట్టాలు చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. బాగుచేయించాక కూడా వేడెక్కితే, మళ్ళీ సామాను మార్చమనే ముందు, నిలబడినప్పుడా, పరుగులోనా, ఎత్తులోనా అన్నది రాసుకుని వెళ్ళండి. మార్చిన పాత సామాను అడిగి తెచ్చుకుని, కొన్నాళ్ళు ఇంట్లో ఉంచండి. పక్కపక్కన పెట్టి చూస్తే కనబడే తేడా మాటల్లో చెబితే అర్థం కాదు.

ఇంకొక్క మాట. సొంతరాష్ట్రానికి దూరంగా బతుకుతున్న మనకు, మూడు తరాలుగా తెలుగులో పలకరించే ఒక మెకానిక్కు, ఒక దర్జీ, ఒక పురోహితుడు అంగట్లో దొరికే సామాను కారు. గొట్టం చెడితే షాపులో మరొకటి దొరుకుతుంది. అనుమానం వచ్చినప్పుడు ముందు బండిని పరీక్షించండి, మనిషిని తరవాత.