కాటా మీద అంకె కదలకపోతే...

పొద్దున ఆరు గంటలు. నిజామాబాద్‌లో ఓ ఇల్లు. అందరూ ఇంకా నిద్రలోనే ఉన్నారు. ఆ ఇంటి యజమాని మాత్రం చప్పుడు కాకుండా లేచి, మంచం కింద దాచుకున్న బరువు మిషన్‌ను బయటికి లాగి ఎక్కి నిలబడ్డాడు. 85.4. దిగాడు. చొక్కా విప్పి మళ్లీ ఎక్కాడు. 85.3. మిషన్‌ను ఇంకో బండ మీదికి జరిపి మూడోసారి ఎక్కాడు. మళ్లీ 85.4!

ఐదు వారాలుగా రోజూ ఇదే తంతు. అన్నం ముట్టడం లేదు. చక్కెర మానేశాడు. ఇంట్లో ఇడ్లీ చేసినా, పూరీ చేసినా అటు చూడడం లేదు. అయినా అంకె కదలదు!

ఆయనకు నలభై ఏడేళ్లు. బస్టాండు దగ్గర చిన్న స్టేషనరీ దుకాణం. పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలోనే. పోయిన సంక్రాంతి నాటికి బరువు 95 కిలోలు. సకినాలు, అరిసెలు అయిపోయిన మర్నాడు ఏదో పరీక్ష చేయించుకుంటే మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే మధుమేహం గడప దగ్గర ఉన్నట్టు. 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే లోపలికి వచ్చేసినట్టే.

ఆ కాగితం చూసి ఆయన భయపడింది తన కోసం కాదు. పక్క గదిలో మంచం మీద కూర్చున్న తండ్రి కాలు చూసి. డెబ్భై ఆరేళ్ల ఆ పెద్దాయనకు ఇరవై ఏళ్లకు పైగా షుగర్. మూడేళ్ల కిందట పుండు మానక బొటనవేలు తీసేశారు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి కొడుకు ఒకటే అనుకున్నాడు... ఈ కథ నాతో మళ్లీ మొదలు కావద్దు, నా బిడ్డ ఇట్ల వరండాలో నిలబడొద్దు అని.

నాలుగు లీటర్ల నీళ్లు, మూడు నిమ్మకాయలు

అన్నం మానేసి బరువు తగ్గడం కొత్త సంగతేమీ కాదు. లండన్‌కు చెందిన విలియం బాంటింగ్ రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మానేసి తాను ఎలా సన్నబడ్డాడో 1863లోనే చిన్న పుస్తకం అచ్చువేసి మరీ చెప్పాడు. 1972లో అమెరికా డాక్టర్ రాబర్ట్ అట్కిన్స్ దాన్నే పెద్ద ఎత్తున ప్రచారంలోకి తెచ్చాడు. మన దగ్గర 2017, 18 సంవత్సరాల్లో వీరమాచనేని రామకృష్ణ డైట్ తెలుగు ఇళ్లలో ఎంత చర్చ రేపిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు... ఊరూరా ఇదే మాట. తగ్గామన్నవాళ్లు ఉన్నారు. ఇది తగదన్న డాక్టర్లూ ఉన్నారు.

మన దుకాణదారు ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు పాటించలేదు. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క పట్టుకుని తనకు తోచిన డైట్ ఒకటి తయారు చేసుకున్నాడు. అన్నం, రొట్టె, చక్కెర బంద్. గుడ్లు, కోడికూర, పన్నీర్, కొబ్బరినూనె కాఫీ మొదలు. పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాడు! పది వారాలకు దాదాపు పది కిలోలు. ప్యాంట్లు వదులయ్యాయి. పక్క దుకాణాల వాళ్లు ‘ఏం సంగతి అన్నా’ అని అడగడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే అంకె ఆగిపోయింది.

పెళ్లిలో రెండు పూటలు

ఐదో వారంలో బోధన్‌లో మేనమామ కూతురి పెళ్లి. తగ్గనప్పుడు ఎందుకీ కడుపు మాడ్చుకోవడం అనుకున్నాడు. రెండు పూటలా అన్నం, బగారా, డబుల్ కా మీఠా... అన్నీ తిన్నాడు. మూడో రోజు మిషన్ ఎక్కితే 87.2. ఆ అంకె చూసి కుప్పకూలినంత పనైంది. మిషన్‌ను గోడకేసి నెట్టి, ‘ఇగ నాతోని కాదు’ అని మంచం మీద కూర్చున్నాడు.

ఆ చప్పుడుకు తండ్రి కర్ర పట్టుకుని మెల్లగా వచ్చాడు.

“ఏమైందిరా?”

“రెండు దినాలల్ల రెండు కిలోలు పెరిగిన బాపు. మూడు నెలల కష్టం మట్టిపాలైంది.”

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు. “ఖాళీ బండి జోకినవా?”

కొడుకుకు అర్థం కాలేదు. కానీ ఆ మాట వెనక ఒక జీవితకాలం ఉంది.

కాటా గుమస్తా లెక్క

బోధన్ అంటే చక్కెర. మంజీరా మీద 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్లు వచ్చాక ఈ నేలంతా వరి, చెరకు పచ్చబడింది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. పక్కనే శక్కర్‌నగర్ కాలనీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు పొందిన ఈ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. పెద్దాయన మంచి రోజుల్లో అక్కడ కాటా గుమస్తా. సీజన్ వస్తే బండ్ల బారు. నిండు బండి తూచాలి. చెరకు దించాక ఖాళీ బండి తూచాలి. రెండింటి తేడాయే చెరకు.

“నిండు బండి జోకి, గింత చెరకు అని రాసుకుంటే గుమస్తా కొలువు పోతుండె బిడ్డా. నువ్వు నీ బండినే జోకుతున్నవు. అండ్ల నీళ్లెంత, ఉప్పెంత, కడుపుల ఉన్నదెంత? ఇంకొకటి. బండి రెండు దినాలు లైన్ల నిలబడితే చెరకు ఎండి బరువు తగ్గుతది. రైతు లబలబలాడుతుండె. కని అండ్ల తగ్గింది నీళ్లు. చక్కెర కాదు.”

బడిలో చదివిన శాస్త్రం కాదది. కానీ శాస్త్రం చెప్పేదీ అదే. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెర సుమారు 400 నుంచి 500 గ్రాములు ఉంటుంది. ఒక్కో గ్రాము తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం మానేయగానే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వ. దాంతోపాటే నీళ్లూ పోతాయి. మొదటి పది రోజుల్లో తగ్గిన నాలుగు కిలోల్లో పెద్ద వాటా ఇదే. పెళ్లిలో రెండు పూటలు అన్నం తినగానే ఆ నిల్వ నిండింది, నీళ్లూ తిరిగొచ్చాయి. అంతేగానీ రెండు రోజుల్లో 1.8 కిలోల కొవ్వు పెరగాలంటే ఒంటికి కావలసిన దానికన్నా సుమారు 14 వేల కేలరీలు అదనంగా తినాలి. అంటే దాదాపు 70 కప్పుల అన్నం! ఏ పెళ్లిలోనూ ఎవరూ అంత తినలేరు.

అనుకున్నట్టే నాలుగు రోజులకు అంకె మళ్లీ 85.4కు వచ్చింది. మరి అక్కడే ఎందుకు ఆగింది?

పల్లీల డబ్బా చెప్పిన నిజం

ఆ ముడి విప్పింది ఇంటర్ బైపీసీ చదువుతున్న కూతురు. “డాడీ, నాలుగు రోజులు నువ్వు ఏం తిన్నా నేను రాస్తా. నువ్వేం మార్చొద్దు” అంది. వంటింటి త్రాసు తీసుకుంది. దుకాణంలో ఉండే పల్లీలు, జీడిపప్పు డబ్బాను పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తూచింది. తాత మనవరాలు కదా!

లెక్క తేలింది. పొద్దున కాఫీలో రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనె, సుమారు 240 కేలరీలు. గిరాకీ లేనప్పుడు గుప్పిట్లోకి వెళ్లిన పల్లీలు, జీడిపప్పు కలిపి 120 గ్రాములు, మరో 670. చక్కెర లేదన్న ధీమాతో తాగిన నాలుగు పాల చాయలు, ఇంకో 260. భోజనం లెక్కలోకి రాకుండానే దాదాపు 1,170 కేలరీలు! పైగా ఆ జీడిపప్పులో, పల్లీల్లో, పాలల్లో కలిపి పిండిపదార్థం 45 గ్రాముల పైనే. ఒక కప్పు అన్నంలో ఉండేదీ దాదాపు అంతే. అంటే కంచంలో మానేసిన అన్నాన్ని ఆయన డబ్బాలోంచి తింటున్నాడన్నమాట.

“మరి మొదట్లో కూడా ఇవే తిన్న కదా బిడ్డా, అప్పుడెట్ల తగ్గిన?” అని తండ్రి ప్రశ్న.

మంచి ప్రశ్నే. అసలు కిటుకు ఇక్కడే ఉంది. 95 కిలోల ఒంటిని నడిపించడానికి అయ్యే ఖర్చు 85 కిలోల ఒంటికి అవదు. లారీకీ ఆటోకూ ఒకే డీజిల్ పడుతుందా? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2016లో ఒక లెక్క చెప్పింది. తగ్గిన ప్రతి కిలోకూ ఒళ్లు రోజుకు 20 నుంచి 30 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తుంది. ఆకలి మాత్రం కిలోకు సుమారు 100 కేలరీల మేర పెరుగుతుంది. అంటే ఒక పక్క ఖర్చు తగ్గుతుంది, మరో పక్క చెయ్యి తెలియకుండానే డబ్బా వైపు పోతుంది. రెండూ కలిసిన చోట అంకె ఆగుతుంది. అది మనిషి బలహీనత కాదు. కరువు కాలంలో ప్రాణం నిలబెట్టడానికి ఒళ్లు నేర్చుకున్న జాగ్రత్త.

ఏం మార్చుకున్నాడు?

పెద్ద మార్పులేమీ కాదు. కాఫీలో నూనె మానేశాడు. ఒంట్లోనే కరగాల్సిన కొవ్వు ఉన్నప్పుడు బయటి నుంచి పోయడం దేనికి? కూరలో నూనె సీసాతో వంచకుండా చెంచాతో కొలవడం భార్య బాధ్యత. ఆదివారం అంకాపూర్ నాటుకోడి మానలేదు గానీ, పైన తేలే నూనె మాత్రం పక్కకు పోయింది. పల్లీలు రోజుకు ఒక్క చిన్న గుప్పెడే, 25 గ్రాములు. డబ్బా దుకాణం నుంచి ఇంటికి మారింది. చాయలు రెండే.

ప్రతి పూటా గుడ్డో, చికెనో, చేపో, పెరుగో ఉండేలా చూసుకున్నాడు. మాంసకృత్తులు ఉంటే కడుపు నిండినట్టు ఉంటుంది, కండ కూడా కరిగిపోదు. బీరకాయ, సొరకాయ, గోంగూర, తోటకూర కడుపునిండా. పొద్దున తిలక్ గార్డెన్‌లో నడక. వారానికి మూడు రోజులు దుకాణంలో కాగితం కట్టలే బరువులుగా ఎత్తిదించడం. రాత్రి పదకొండున్నర దాకా సాగే లెక్కలు పదికే ముగించాడు. నిద్రకూ దీనికీ ఏం సంబంధం అనుకోవద్దు. 2010లో షికాగోలో పదిమంది మీద చేసిన ఒక చిన్న పరిశోధనలో ఒకే తిండి పెట్టినా, ఎనిమిదిన్నర గంటల బదులు ఐదున్నర గంటలు మాత్రమే పడుకోనిచ్చినప్పుడు తగ్గిన బరువులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది.

డాక్టర్ దగ్గరికీ వెళ్లాడు. అంకె ఆగిపోతే థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకోవడం మంచిదే. ఆయనకు ఆ ఇబ్బంది లేదు. డాక్టర్ గట్టిగా చెప్పింది ఇంకొకటి. “మీరు మందులు వాడట్లేదు కాబట్టి సరిపోయింది. ఇదే డైట్ మీ నాన్నగారితో మాత్రం చేయించొద్దు.” ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవారు ఒక్కసారిగా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్లిఫ్లోజిన్ రకం మందులు వాడేవారి రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. బీపీ మాత్రలు వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా అసలు మొదలుపెట్టకూడదు.

రాత్రి భోజనంలోకి ఒక పలుచటి జొన్నరొట్టె కూడా తిరిగి వచ్చింది. అదేంటి, డైట్ పాడవదా? 2018లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి ఏడాది పాటు ఒక జట్టుకు కొవ్వు తగ్గించి, ఇంకో జట్టుకు పిండిపదార్థం తగ్గించి చూశారు. సగటున మొదటి జట్టు 5.3 కిలోలు తగ్గితే, రెండోది 6 కిలోలు. చెప్పుకోదగ్గ తేడా కాదు. ఏది తిన్నామన్నదాని కన్నా, ఏది ఏళ్ల తరబడి తినగలమన్నదే ముఖ్యం. ఇంటిల్లిపాదీ జొన్నరొట్టె తింటుంటే ఒక్కడే పక్కకు కూర్చోవడం ఎన్నాళ్లు సాగుతుంది?

ఖాతా పుస్తకంలో ‘అదే’

మూడు వారాలు గడిచాయి. మిషన్ మీద తగ్గింది అర కిలోనే. కానీ దర్జీ టేపుతో కొలిస్తే నడుము 102 సెంటీమీటర్ల నుంచి 99కి దిగింది! మన మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండెజబ్బుల ముప్పు ఎక్కువంటారు డాక్టర్లు. అందుకే బరువు కన్నా నడుము కొలతే ఎక్కువ చెబుతుంది.

ఆ తర్వాత అంకె కూడా మెల్లగా కదిలింది. నాలుగు నెలలకు 82. హెచ్‌బీఏ1సీ 5.8. గడప ఇంకా దాటలేదు గానీ, ముఖం మాత్రం బయటికి తిరిగింది.

ఇప్పుడు ఆ ఇంట్లో తూకం ఆదివారం పొద్దున ఒక్కసారే. దొంగచాటుగా కాదు, అందరి ముందూ. తూచేది కొడుకు. రాసేది తండ్రి. ఎప్పటిదో పాత ఖాతా పుస్తకంలో గీతలు కొట్టి తారీఖు, బరువు, నడుము అని మూడు గళ్లు వేశాడాయన. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన చేతికి మళ్లీ దొరికిన కాటా కొలువు ఇది. గుండ్రటి అక్షరాలతో ఎంతో శ్రద్ధగా రాస్తాడు.

మొన్నటి నుంచి అంకె మళ్లీ ఆగింది. మూడు ఆదివారాలుగా 82 దగ్గరే. పెద్దాయన ఆ గడిలో అంకె వేయడం మానేసి ‘అదే’ అని రాస్తున్నాడు.

“మళ్ల ఆగింది బాపు” అన్నాడు కొడుకు కొంచెం దిగులుగా.

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, పేజీలు వెనక్కి తిప్పి 95 దగ్గర వేలు పెట్టాడు.

“తగ్గకుంటె ఏందిరా... గీడికి వాపసు పోలేదు కదా. అదే శాన ఎక్కువ.”