నార్త్ టెరస్ మూల మీది రౌతు

అడిలైడ్‌లో నార్త్ టెరస్, కింగ్ విలియం వీధి కలిసే మూల మీద, గవర్నర్ బంగళా ముందు, కంచు గుర్రమెక్కిన సిపాయి ఒకడు ఉంటాడు. దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వాళ్ళకూ, డచ్ సంతతి బోయర్లకూ జరిగిన 1899–1902 బోయర్ యుద్ధానికి దక్షిణ ఆస్ట్రేలియా నుంచి తమంతట తాము పేరిచ్చి వెళ్ళినవాళ్ళ స్మారకం అది. జనం చందాలు వేసుకుని కట్టించారు. 1904 జూన్ 6న ఆవిష్కరించారు.

నా చూపు ముందు గుర్రం మీదే నిలిచింది. కళ్ళెం లాగి ఆపినట్టు తలెత్తి ఉంటుంది, ఒంట్లో ఇంకా పరుగు తగ్గలేదు. చెక్కిన ఏడ్రియన్ జోన్స్ ఇరవై ఏళ్ళకు పైగా బ్రిటిష్ సైన్యంలో పశువైద్యుడు. గుర్రం భయం తెలిసిన చేయి అది! ఇక్కడి నుంచి 1,531 మంది వెళ్తే, గుర్రాలూ 1,500 పైనే వెళ్ళాయి. ఆ యుద్ధంలో బ్రిటిష్ పక్షాన చచ్చిన గుర్రాలు మూడు లక్షలకు పైమాటే.

పీఠం మీది ఫలకాల దగ్గర నిలబడి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివాను. బ్రిటిష్ సైన్యంలో తూటాల కంటే టైఫాయిడ్ వంటి జబ్బులే ఎక్కువమందిని తిన్నాయి. కన్నవాళ్ళకు సమాధి చూసుకునే వీలైనా లేదు. ఊరి నడిబొడ్డున ఈ పేర్లు ఎందుకు కావలసి వచ్చాయో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

కానీ రౌతు వెళ్ళిన పని కూడా చెప్పుకోవాలి. యుద్ధం చివరి భాగంలో బ్రిటిష్ గుర్రపు దళాలు బోయర్ల ఇళ్ళూ పంటలూ తగలబెట్టాయి. ఇళ్ళు పోయినవాళ్ళను ఉంచిన నిర్బంధ శిబిరాల్లో 26,000 మందికి పైగా బోయర్ స్త్రీలు, పిల్లలు చనిపోయారు. విడి శిబిరాల్లో పెట్టిన నల్లజాతివారు 14,000 మందికి తక్కువ కాకుండా పోయారు. ఈ రాయి మీద వాళ్ళ ఊసు లేదు. అది నాకు లోటుగానే తోచింది.

అదే యుద్ధంలో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో గాంధీ కూడగట్టిన అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది భారతీయులు. అందులో 800 మంది దాకా ఒప్పంద కూలీలు, యజమానులు పంపితే వచ్చినవాళ్ళు. మద్రాసు రేవులో ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకు చేరినవాళ్ళలో మన తెలుగువాళ్ళు ఎందరో! స్పియన్ కోప్ పోరులో ఆ దళం గాయపడ్డవాళ్ళను డోలీల మీద మోసింది, కొన్నాళ్ళు రోజుకు ముప్పై కిలోమీటర్ల పైన నడిచింది. పతకాలు మాత్రం దళ నాయకులకే వచ్చాయి.